జీతము లేని కొలువు
(మన సంఘపు మాసిక సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మేము వర్తకులము. మెట్రిక్యులేషనుతో చదువు చాలించి గల్లాపెట్టె యొద్ద కూర్చున్నవారము. రైలు సంగతులు మాటలాడుటకు మాకు గల అర్హత యేమని కొందరు అడుగవచ్చును. మా అన్నగారి కుమారుడు ఇంగ్లండులో బర్మింగుహాము నగరమున ఉద్యోగము చేయుచున్నాడు. వారములో ఐదు దినములు కంప్యూటరు పని. నెలకు రెండు మూడు ఆదివారములు మాత్రము ఒక పాత ఆవిరి రైలుమార్గమున సిగ్నలరుగా జీతము లేని కొలువు. ఈ వార్త తెలిసిన నాటినుండి మా యింటనే గాక మన వీధియందును చర్చ జరుగుచున్నది. పరాయి దేశమున పరాయివారి పాత బండికి ఈ వెట్టి యేమిటని పెద్దల ప్రశ్న. సరదాకు చేయుచున్నాడు, పోనిండని చిన్నవారి మాట. మేము 2024వ సంవత్సరము వేసవిలో అచ్చటికి వెళ్ళి, అనుమతి పొంది, ఒక పూట వాని వెంట సిగ్నలు గదిలో కూర్చుండి చూచి వచ్చితిమి. కావున ఇరువురి మాటయు సరికాదని చెప్పుటకే కార్యదర్శిగారి కోరికపై నేడు మీ యెదుట నిలిచితిమి.

మన పర్లాకిమిడికి చిన్న రైలు క్రొత్త కాదు. మహారాజా గౌరచంద్ర గజపతివారి కాలమున, 1900 ఏప్రిల్ 1వ తేదీన, నౌపడా నుండి మన ఊరికి రెండడుగుల ఆరంగుళముల వెడల్పు గల పట్టాలపై బండి నడచినది. 1931లో ఆ మార్గము గుణుపురము చేరెను. 1936లో ఒరిస్సా రాష్ట్ర మేర్పడినప్పుడు మనము ఈవలను, నౌపడా ఆవలను మిగిలితిమి. బండి మాత్రము ఎల్ల నెరుగక రెండు ప్రక్కలను తిరుగుచునే యుండెను. 1992లో డీజెలు ఇంజను వచ్చెను. 2004 జూనులో చిన్న బండి ఆగిపోయి, పిమ్మట పెద్ద పట్టాలు పడెను. పెద్ద పట్టాల వలన వర్తకులకు మేలే కలిగినది. ఆ మాట కాదనుట కృతఘ్నత. అయితే ఆ చిన్న బండిని నడుపు విద్య మాత్రము పింఛను పుచ్చుకొన్న పనివారితో కూడ ఇండ్లకు చేరినది.

ఇట్టి మార్గములను మూతపడనీయక, లేదా మూతపడినవానిని మరల తెరచి, ఊరివారును బయటివారును చేరి నడుపుట బ్రిటనులో ఒక పెద్ద ఉద్యమమైనది. దానికి తొలి అడుగు వేల్సు దేశమున టాలిల్లిన్ అను మార్గమున పడెను. అది 1865లో పలకరాతి గని కొరకు వేసిన దారి. పట్టాల నడుమ వెడల్పు రెండడుగుల మూడంగుళములు, పొడవు ఏడు మైళ్ళకు కొంచెము పైన. 1946లో గనిలో రాయి కూలి పని నిలిచినను, యజమాని సర్ హెన్రీ హేడన్ జోన్సు తాను జీవించియున్నంతవరకు బండి నడిపెదనని చెప్పి, ఆ మాట నిలుపుకొని, 1950లో కన్నుమూసెను. అదే సంవత్సరము అక్టోబరులో ఎల్. టి. సి. రోల్ట్ అను రచయిత మొదలగువారు బర్మింగుహామున సభ చేసి సంఘమును స్థాపించిరి. 1951 మే 14వ తేదీన స్వచ్ఛంద సేవకుల చేతిమీదుగా మొదటి బండి కదలెను. ప్రపంచములో ఇట్లు సేవకులు పూని నిలిపిన మొదటి రైలు అదియే.

ఇచ్చట ఒక మాట, మనవంటివారికి రుచించునది. ఆ బండి బయలుదేరు టవిన్ అను ఊరిలో ఒక ప్రాచీన దేవాలయము గలదు. అందలి ఒక శిలపై చెక్కిన అక్షరములు వేల్సు భాషలో నేటికి మిగిలిన మిక్కిలి పాత వ్రాతలని పండితులు చెప్పుదురు. అనగా పెద్ద భాష ప్రక్కన బ్రదుకుచున్న చిన్న భాషవారి ఊరు అది. ఆ ఊరి బండిని నిలుపుటకు తొలుత సభ చేసినవారిలో పెక్కుమంది ఇంగ్లీషువారు. వారిని ఊరివారు పరాయివారని త్రోసిపుచ్చలేదు.

తరువాతి కథ త్వరగా చెప్పెదము. 1960లో దక్షిణ ఇంగ్లండున బ్లూబెల్ మార్గము తెరువబడెను. 1963లో బీచింగు నివేదిక వచ్చి వేలాది మైళ్ళ దారులు మూతపడెను. 1968 ఆగస్టులో ప్రభుత్వపు పెద్ద మార్గములపై ఆవిరి ఇంజను నడచుట ముగిసెను. విడిచిన దారులను, పాతసామానుగా పోవలసిన ఇంజనులను జనులు చందాలు వేసికొని కొనిరి. 1970లో సెవెర్న్ వ్యాలీ మార్గము కొంత తెరువబడి, క్రమముగా పెరిగి, 1984 నాటికి కిడ్డర్‌మిన్‌స్టరు వరకు పదునారు మైళ్ళ దారియైనది. నేడు ఇట్టివి ఆ దేశమున నూటికి పైగా కలవు. మన దేశమునందు డార్జిలింగు, నీలగిరి, కాల్కా-సిమ్లా దారులకు 1999, 2005, 2008 సంవత్సరములలో యునెస్కో గుర్తింపు లభించెను. అయితే వానిని నడుపువారు జీతగాండ్రైన రైల్వే ఉద్యోగులు. అచ్చటి మార్గములలో పెద్దవానియందు కొందరు జీతగాండ్రున్నను, బరువు మోయువారు సేవకులే.

ఇక సిగ్నలు గది సంగతి. అది పట్టాల ప్రక్కన ఎత్తుగా కట్టిన గది. మూడు వైపుల అద్దములు. నేలను అద్దమువలె తుడిచి యుంచుదురు. పాదరక్షలు బాగుగా తుడుచుకొని లోనికి రమ్మని మా వాడు చెప్పగా, ఇది గుడియా యని నవ్వితిమి. ఒక వరుసలో ఇనుప మీటలు నిలిచియుండును. ఎఱ్ఱనివి బండి నాపు సిగ్నళ్ళకు, పసుపువి దూరమునుండి ముందుగా హెచ్చరించు సిగ్నళ్ళకు, నల్లనివి పట్టాలు మార్చు కీళ్ళకు, నీలివి ఆ కీళ్ళను బిగించు తాళములకు. తెల్లని మీటలకు పనిలేదు. ప్రతి మీటను గుడ్డతో పట్టి లాగవలయును. ఒట్టి చేతి చెమట తగిలిన మెరుగుపెట్టిన ఇనుము తుప్పు పట్టును. సుమారు వేయి గజముల దూరముననున్న సిగ్నలును తీగతో లాగుటకు చేతి బలమొక్కటే చాలదు, ఒడలి బరువంతయు వెనుకకు వాల్చవలయును. మేము అడిగి ఒక తెల్లని మీటను పట్టి చూచితిమి. బియ్యపు బస్తాలు మోయించిన అనుభవమేగాని మోసిన అనుభవము మాకు లేదని అక్కడివారు కనిపెట్టిరి.

ఆ మీటల క్రింద ఒక చమత్కారము గలదు. 1856లో జాన్ సాక్స్‌బీ అనునాతడు మొదలిడిన ఏర్పాటు అది. పట్టాలు సరిగా కూడి తాళము పడినగాని సిగ్నలు మీట కదలదు. సిగ్నలు తీసిన పిమ్మట పట్టాల మీట కదలదు. ఒకదానికొకటి అడ్డుపడు రెండు దారులకు ఒకేసారి అనుమతి నీయుట అసాధ్యము. మనిషి మరచినను ఇనుము మరువదని దీని యర్థము. అయితే ఇనుము అన్నిటిని జ్ఞాపకముంచుకొనలేదు. మిగిలిన భాగము మనిషిపైనే యున్నది, దాని సంగతి ముందు చెప్పెదము.

ఒక గదికిని ప్రక్క గదికిని నడుమ భాష గంటలు. ఒక దెబ్బ కొట్టిన, వినుచున్నారా యని పిలుపు. మూడు కొట్టి ఆగి ఒకటి కొట్టిన, సాధారణ ప్రయాణికుల బండికి దారి ఖాళీయా యని ప్రశ్న. అవతలివాడు అంగీకరించినచో అదే రీతిగా తిరిగి కొట్టును. రెండు దెబ్బలు, బండి మీవైపు బయలుదేరినది. రెండు, ఆగి ఒకటి, బండి చేరి దారి విడిచినది. వరుసగా ఆరు దెబ్బలు వినబడెనా, దారిలో ఆపద యున్నది, అన్నియు ఆపుడని. మేము మా ఊరి సంగతి యేదో చెప్పుచుండగా గంట మ్రోగెను. మా వాడు పెదతండ్రి కొడుకును పినతండ్రినిగాని చూడనివానివలె మా మాటను నడుమ త్రుంచి, గంటకు బదులిచ్చి, గడియారము చూచి, పుస్తకమున నిమిషము వ్రాసి, పిమ్మట, "ఇప్పుడు చెప్పండి బాబాయిగారూ" అనెను. మాకు కోపము రాలేదు. ముచ్చట గలిగినది.

ఆ పుస్తకమును మేము కొంతసేపు తిరుగవేసితిమి. ప్రతి గంటకును నిమిషము. వచ్చినది, పోయినది, ఎవరు పని యప్పగించిరి, ఎవరు పుచ్చుకొనిరి. కొట్టివేత యున్నచో చదువ వీలగునట్లు ఒక్క గీత మాత్రమే. మన చిట్టా వంటిదే. పగటి లెక్కను సాయంకాలము జ్ఞాపకముమీద వ్రాయు గుమాస్తాను ఏ వర్తకుడును నిలుపుకొనడు. సిగ్నలు గదిలో ఆ తప్పు ఏమి చేయునో 1915 మే 22న స్కాట్లండు సరిహద్దు దాపున క్వింటిన్‌షిల్‌లో తేలినది. తెల్లవారుజామున పని మారవలసిన ఇరువురు తమలో తాము ఒప్పందము చేసికొని ఆలస్యముగా మారుచుండిరి. ఆ నడిమి వ్రాతలను రాత్రివాడు కాగితపు ముక్కపై ఉంచగా, వచ్చినవాడు తన దస్తూరితో పుస్తకమున ఎక్కించుచుండెను. ఎదురుగా కిటికీ క్రిందనే నిలిచియున్న బండిని మరచెను. ఆ బండి యున్నదని గుర్తుగా మీటకు తొడుగవలసిన ఇనుప కడియమును తొడుగలేదు. సైనికుల బండి వచ్చి దానిని ఢీకొనెను, మరియొక బండి ఆ రాశిపై పడెను. మృతులు రెండు వందలకు మించిరి. ఆ పనివారిరువురు కారాగారమునకు పోయిరి.

ఒంటి పట్టాల దారిలో అపాయము మరి యొక విధము. ఎదురెదురు బండ్లు రెండింటికి దారి ఒక్కటే. 1874లో నార్విచ్ దాపున థోర్ప్‌లో రెండు బండ్లు ఎదురెదురుగా ఢీకొనిన పిమ్మట, ఎడ్వర్డ్ టయర్ అనునాతడు 1878లో ఒక యంత్రమును కల్పించెను. రెండు స్టేషన్లలో రెండు పెట్టెలు, విద్యుత్తీగతో ముడిపడి యుండును. వానిలో బిళ్ళలు. అవతలివాడు మీట నొక్కి సమ్మతించినగాని బిళ్ళ బయటికి రాదు. ఒకటి బయటనున్నంత వరకు రెండు పెట్టెలలో దేనినుండియు రెండవది రాదు. ఆ బిళ్ళ చేతిలో లేక డ్రైవరు కదలరాదు. మన పెద్దలలో పలువురు స్టేషను మాస్టరు చేతినుండి వలయమును డ్రైవరు అందుకొనుట చూచియుందురు. ఆ వలయమునకు గల సంచిలో నుండునది ఇట్టి గుర్తే. మన దేశమున అది ఎక్కువగా గుండు రూపమున నుండెను.

ఇంత పకడ్బందీ యంత్రమున్నను 1921 జనవరి 26న వేల్సులో అబెర్‌మ్యూల్ స్టేషనున పదునేడుగురు మరణించిరి. ఈ కథను మా వాడు తన తరగతిలో మొదటి దినముననే వినెనట. ఆనాడు స్టేషను మాస్టరు సెలవులో నుండగా బదులు మనిషి పనిలో నుండెను. ఒకవైపునుండి నెమ్మది బండి వచ్చి ఆగెను. దాని డ్రైవరు తాను దాటివచ్చిన దారి బిళ్ళను ఒక కుఱ్ఱవాని కిచ్చెను. ఆ కుఱ్ఱవాడు దానిని పెట్టెలో వేయుటకు పోవుచుండగా, బదులు మనిషి ఎదురై, అది ముందు దారికి తెచ్చిన క్రొత్త బిళ్ళయే యనుకొని, పుచ్చుకొని, తిరిగి అదే డ్రైవరు చేతికిచ్చెను. డ్రైవరును దానిని చూడలేదు. ముందు దారి యొక్క నిజమైన బిళ్ళ ఎదురుగా వచ్చుచున్న ఎక్స్‌ప్రెస్సు చేతిలో నుండెను. యంత్రము తన పని తాను చేసెను. బిళ్ళమీద రెండు ఊళ్ళ పేర్లు చెక్కియుండెను. చేతులు మారినవారిలో ఒక్కడైనను ఆ పేర్లు చదివియుండినచో ఆ పదునేడుగురు ఇల్లు చేరియుందురు. ఎవరికి వారు ఎదుటివాడు చూచియుండునులే యనుకొనిరి.

అందువలన నేడును అచ్చట బిళ్ళగాని తాళపుచెవి వంటి గుర్తుగాని చేతులు మారునప్పుడు, ఇచ్చువాడు దానిమీది ఊళ్ళ పేర్లు బిగ్గరగా చదువును, పుచ్చుకొనువాడు చూచి బదులు చెప్పును. ముప్పది ఏండ్లుగా ఎరిగిన స్నేహితుడైనను ఇంతే. మేము చూచిన పూట నాలుగు పర్యాయములు వినబడిన ఆ కేక మా చెవిలో ఇప్పటికిని మ్రోగుచున్నది.

ఇప్పుడు వెట్టి యను మాట తీసికొందము. వెట్టియనగా కాదనుటకు వీలులేని చాకిరి. మా వాడు చేసినది వేరు. సంఘమున చందా కట్టి చేరెను. కంటిచూపు, రంగుల గుర్తింపు పరీక్షలు జరిగెను. ఎఱుపు ఆకుపచ్చల భేదము తెలియనివారిని ఈ పనిలో చేర్చుకొనరు, వేరు పని యిత్తురు. నిబంధనల పుస్తకము చదివి, శీతకాలపు తరగతులకు పోయి, అనుభవజ్ఞుడైన సిగ్నలరు ప్రక్కన నెలల తరబడి నిలిచి నేర్చి, వ్రాతయు నోటిమాటయు గల పరీక్ష యిచ్చెను. ఒక గదికి ఉత్తీర్ణుడైన మాత్రమున ప్రక్క గదిలో మీట ముట్టరాదు. దానికి వేరుగా నేర్చి వేరుగా పరీక్ష యీయవలయును. కొంతకాలమునకు మరల పరీక్ష. జీతము లేదు గదా యని ప్రభుత్వపు రైల్వే తనిఖీవారు చట్టమును సడలింపరు. బండ్ల వేగము సాధారణముగా గంటకు ఇరువదియైదు మైళ్ళు మించదు, అయినను గంటలు, బిళ్ళలు, పుస్తకము అన్నియు పెద్ద మార్గమునకు వలెనే.

మా అమ్మగారు ఈ పరీక్షల సంగతి ఫోనులో విని మనుమనితో, "జీతం లేని పనికి పరీక్షలేమిట్రా బాబూ?" అనిరి. వాడు, "బండి నిజం బండే గదా మామ్మా, అందులో ఎక్కేవాళ్ళూ నిజం మనుషులే" అనెను. మా అమ్మగారు కొంచెము తడవు మాటలాడలేదు. పిమ్మట, మధ్యాహ్నము భోజన మెవరు పెట్టుదురని యడిగిరి. గదిలో పొయ్యి యున్నది, టీ కాచుకొందుము, రొట్టె కొనిపోవుదుమని వాడు చెప్పగా ఆమెకు తృప్తి కలుగలేదు. ఆమెకు నేటికిని ఆ కొలువుపై గల ఆక్షేపణ అదియొక్కటే.

సరదా యనువారికి ఒక మాట. సరదాయే, కాదనము. ఆ గదులలో పనిచేయువారిలో బడిపంతుళ్ళు, గుమాస్తాలు, పింఛనుదారులు, స్త్రీలు, పురుషులు అందరును కలరు. ఇనుమును, ఆవిరిని ప్రేమింపనివారు తెల్లవారుజామున మంచులో లేచి పోరు. కాని సరదాకు వచ్చినవాడు తన సరదా తీరినప్పుడు వెళ్ళిపోవుటకు వీలులేని ఏర్పాటు అచ్చట గలదు. వంతుల పట్టిక నెలలకు ముందే వేయుదురు. పట్టికలో పేరు వ్రాసికొనినవాడు రాలేనిచో తానే బదులు మనిషిని వెదకి చెప్పవలయును. బదులు వచ్చువాడును ఆ గదికి పరీక్ష నిచ్చినవాడై యుండవలయును. ఎవరును దొరకనిచో గది తెరువబడదు, ఆనాటి బండ్లు తగ్గును, టికెట్ల రాబడి పోవును. పని ముగిసి గది మూయునపుడు ఏడు, ఐదు, ఐదు గంటలు కొట్టి, పుస్తకమున సంతకము చేసి దిగిపోవుదురు. చెప్పకుండ వెళ్ళుట యనునది లేదు.

వ్యాపారి కన్నుతో చూచిన ఆ మార్గముల స్థితి నిశ్చింతగా లేదు. బొగ్గు వారికి పెద్ద చిక్కు. 2023 నవంబరులో వేల్సులోని ఫోస్-వై-ఫ్రాన్ గని మూతపడిన పిమ్మట విదేశపు బొగ్గే ఎక్కువగా దిక్కైనది. దానికంటె పెద్ద చిక్కు మనుషులు. మేము చూచిన గదులలో తల నెరసినవారే హెచ్చు. మా వాడు చేరినప్పుడు వారు పరాయివాడని చూడలేదు సరిగదా, తమకు తెలిసినది తమతో పోకుండ పుచ్చుకొనుటకు ఒకడు వచ్చెనని సంతోషించిరట. డెబ్బది దాటిన ఒక పెద్దమనిషి వానికి మీట లాగుట నేర్పెను. ఆయనకు నేర్పినవాడు ఆవిరి కాలపు జీతగాడు. ఇట్లు ఒక చేతినుండి మరియొక చేతికి వచ్చిన పని పర్లాకిమిడి పిల్లవాని చేతిలో పడినది. మాకు ఇందులో వెట్టి కనబడలేదు.

మన సంఘపు ఆదివారపు తెలుగు తరగతి సంగతి కార్యదర్శిగారు చెప్పుమనిరి గనుక రెండు మాటలలో ముగించెదము. ఈ సంవత్సరమున రెండు ఆదివారములు తలుపు తెరువక పిల్లలు వాకిట నిలిచి తిరిగి పోయిరి. ఎవరిని అనుటకు కాదు, తాళపుచెవి ఎవరియొద్ద నున్నదో ఎవరికిని తెలియని ఏర్పాటు అది. ఇకపై తాళపుచెవికి ఒక కొయ్యబిళ్ళ కట్టించి, ఒక పుస్తకము పెట్టితిమి. ఇచ్చువారు, పుచ్చుకొనువారు ఇరువురును సంతకము చేయవలయును. రానున్న మూడు నెలల వంతుల పట్టిక ఆ బల్లమీద నున్నది. పదునొకండు ఆదివారములకు పేర్లు పడినవి, రెండు ఖాళీ. పిల్లల పెద్దబాలశిక్ష చదివించగలవారైనచాలు, వ్యాకరణము రావలసిన పనిలేదు.

మా అన్నగారి అబ్బాయి దసరాకు వచ్చుచున్నాడు. గంటల భాషను గూర్చియు, బిళ్ళల పెట్టెను గూర్చియు మీకు గల సందేహములు మాకంటె వాడు బాగుగా తీర్చగలడు. మాకు తెలిసినంతవరకు ఇప్పుడు అడుగవచ్చును.